కారవాన్‌కి ఊపిరి పోసే గాజువాక

ఔట్‌డోర్ షూటింగు చూడ్డానికి వెళ్లినప్పుడు మీరందరూ తప్పకుండా చేసే పని ఒకటుంది. హీరోగారు కనపడకపోతే ఆయన కారవాన్ వంక చూస్తూ నిలబడతారు! “లోపల మంచం ఉంటుందిట... నిలువుటద్దం ఉంటుందిట... ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకోవాలిట...” అని ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటారు. ఆ ఏసీ చల్లగాలి సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఆ బండిలో ఇంకో గాలి కూడా ఉంది. అది తారల మొహానికి తగలదు, మేకప్ ఆరబెట్టదు. ఇనప సిలిండర్లలో నోరు మూసుకుని కూర్చుంటుంది. అది లేకపోతే మాత్రం కోటి రూపాయల బండైనా అంగుళం కదలదు.

ఆ రెండో గాలి కథ తెలుసుకోవాలంటే ఫిలింనగర్ వెళ్లి లాభం లేదు. గాజువాక వెళ్లాలి!

విశాఖ నుంచి అనకాపల్లి వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది గాజువాక. దీనికి దగ్గర్లోనే హిందూస్థాన్ షిప్‌యార్డు... 1948లో నెహ్రూగారి చేతుల మీదుగా ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది అక్కడే. ఇంకో పక్క ఉక్కు కర్మాగారం... 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితం చేశారు. ఓడలకీ ఉక్కుకీ మధ్య తిరిగేవి లారీలూ ట్రైలర్లే కదా! అవి బాగుపడే చోటే ఆటోనగర్. సందులోకి అడుగు పెడితే వెల్డింగు మెరుపులు, లేతు మిషన్ల రొద, గుట్టలుగా కమాన్‌కట్టలు, గ్రీజు వాసన. ఆ లారీల మధ్య ఓ ఉదయం తెల్లగా మెరుస్తూ ఒక కారవాన్ నిలబడి ఉంది. మల్లెపూల బుట్ట బొగ్గుల కొట్లో పెట్టినట్టుగా ఉంది చూడ్డానికి.

అది అరకు వెళ్లాల్సిన బండి. మర్నాడు ఉదయం ఏడింటికల్లా అక్కడ షూటింగు. ప్రొడక్షన్ మేనేజరుగారు వాచీ చూసుకుంటూ అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. డ్రైవరు మాత్రం తాళాలు జేబులో వేసుకుని నింపాదిగా నిలబడ్డాడు.

“గాలి ముల్లు నిలబడ్డం లేదు సార్. నేను ఘాట్ ఎక్కించను” అన్నాడు.

“హైదరాబాద్ నుంచి ఇక్కడిదాకా వచ్చింది కదయ్యా!”

“అది చదును రోడ్డు సార్. బండి నాది కాదు, కానీ లోపల కూర్చునే ప్రాణాలు మావి.”

ఈ మాటకి మేనేజరుగారి దగ్గర జవాబు లేదు. కింద గోనెపట్టా పరుచుకుంటున్న మేస్త్రి మాత్రం నవ్వాడు. యాభై దాటిన మనిషి. “డ్రైవరు బాబు సెప్పిందే రైటండీ. ఇది బండికి ఊపిరి. ఊపిరాడనోడిని కొండెక్కిత్తారేటి?” అన్నాడు.

ఇంతకీ ఈ ఊపిరి ఎక్కడ పుడుతుంది? ఇంజను పక్కనే చిన్న కంప్రెసరు ఉంటుంది. ఇంజను తిరిగినంతసేపూ అది బయటి గాలిని పీల్చి, నొక్కి, బండి కింద ఉన్న ట్యాంకుల్లోకి పంపుతుంది. కారు టైరులో గాలి చదరపు అంగుళానికి ముప్ఫై చిల్లర పౌండ్లు ఉంటే, ఈ ట్యాంకుల్లో వంద నుంచి నూట ఇరవై దాకా ఉంటుంది. డ్రైవరు పెడల్ తొక్కగానే ఆ గాలి చక్రాల దగ్గరున్న బ్రేకు డబ్బాల్లోకి దూకుతుంది. డబ్బా లోపల రబ్బరు పొర వైశాల్యం ముప్ఫై చదరపు అంగుళాలు అనుకోండి. వంద పౌండ్ల గాలి దాన్ని తోస్తే ఎంత బలం? మూడు వేల పౌండ్లు! అంటే పదమూడు వందల కిలోల పైమాటే. మన హీరోలు క్లైమాక్సులో ఒంటిచేత్తో లారీ ఆపేస్తారు చూడండి... ఇక్కడ ఆ పని గాలి చేస్తుంది, డూపు లేకుండా!

ఒక్క బ్రేకులే కాదు. హారనూ, ఘాట్ దిగేటప్పుడు ఇంజనుతో బండిని పట్టి ఉంచే ఎగ్జాస్టు బ్రేకూ చాలా బండ్లలో ఈ గాలితోనే పనిచేస్తాయి. కుదుపు తెలియకుండా మోసే రబ్బరు బెల్లోలున్న బండికి వాటిలో ఉండేదీ ఈ గాలే. అన్నట్టు, ఇదంతా బస్సు ఛాసిస్ మీద కట్టిన పెద్ద కారవాన్ల సంగతి. టెంపో లాంటి చిన్న వ్యాన్లకి ఆయిల్ బ్రేకులే ఉంటాయి.

మరి గాలి పోతే బ్రేకులు కూడా పోతాయా? ఇక్కడే ఉంది తమాషా. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే అమెరికన్ రైళ్లకి గాలి బ్రేకు కనిపెట్టాడు. మొదట్లో గాలి పంపితేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే అంతే సంగతులు! మూడేళ్లకి ఆయనే దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి తగ్గితే బ్రేకు దానంతటదే పడేట్టు చేశాడు. లారీలూ బస్సులూ వచ్చాక వాటి వెనక చక్రాలకి అదే పని చేయడానికి బలమైన స్ప్రింగు పెట్టారు. గాలి ఉన్నంతసేపూ స్ప్రింగుని అణిచి పెడుతుంది. గాలి పోయిందా, స్ప్రింగు విప్పుకుని చక్రాన్ని పట్టేస్తుంది. అందుకే గాలి నిండకుండా బండి కదలదు. అయితే పూర్తిగా పోతే సరే... వంపులో, వేగంలో, సగంసగం పోతే? పట్టుకోకూడని చోట పట్టుకుంటుంది, పట్టుకోవాల్సిన చోట చాలదు. డ్రైవరు భయపడింది దానికే.

మేస్త్రి ముందు చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టించి ట్యాంకు కింద గొలుసు లాగాడు. ‘బుస్సు’మంటూ గాలితో పాటు కాఫీ రంగు నీళ్లు చిమ్మాయి. దాదాపు అరగ్లాసు!

“ట్యాంకులో నీళ్లెవరు పోశారయ్యా?” అన్నారు మేనేజరుగారు.

“సముద్రం పోసిందండీ” అన్నాడు మేస్త్రి.

నిజమే. చల్లటి కూల్‌డ్రింకు సీసాకి బయట చెమట పడుతుంది కదా, అలాగే నొక్కిన వేడిగాలి ట్యాంకులో చల్లబడేసరికి దానిలోని తేమ నీరై అడుగున దిగుతుంది. విశాఖ లాంటి సముద్రతీరంలో గాలి నిండా తేమే. నీరు నిలిస్తే ట్యాంకు తుప్పు పడుతుంది, తుప్పు రజను వాల్వుల్లోకి పోతుంది, నీరు చేరినంత మేరా గాలికి చోటు తగ్గుతుంది. చేతి గొలుసు ఉన్న బండికి రోజూ సాయంత్రం ఒక్క నిమిషం ఈ నీరు వదిలితే చాలు. తేమ పీల్చే ఎయిర్ డ్రయ్యరు ఉన్న బండికైనా అప్పుడప్పుడు వదిలి చూడాలి. నీళ్లు వస్తున్నాయంటే డ్రయ్యరులో మందుడబ్బా పని అయిపోయినట్టే. కంపెనీ చెప్పిన గడువుకి అది మార్చాల్సిందే. నీళ్లతో పాటు నూనె జిడ్డు ఎక్కువగా వచ్చిందా, కంప్రెసరు లోపల రింగులు అరిగాయేమోనని అనుమానించాలి.

తర్వాత అసలు పరీక్ష. ఇంజను నడిపి గాలి నింపారు. ఇంజను ఆపి డ్రైవరు పెడల్ తొక్కి పట్టాడు. అందరం గడియారం ముల్లు వంక చూస్తున్నాం. నిమిషంలో మూడు పౌండ్లకి మించి దిగకూడదు. అమెరికాలో పెద్ద బండ్ల లైసెన్సు పరీక్షకి కూడా ఇదే లెక్క. మన ముల్లు పది దాటి దిగింది! మేస్త్రి సబ్బునీళ్ల డబ్బా తీసుకుని కిందకి దూరాడు. ఒక్కో జాయింటుకీ నురగ పూస్తూ పోయాడు. వెనక ఎడమ చక్రం దగ్గర నురగ బుడగలై పొంగింది. డబ్బాలో రబ్బరు పొర చిరిగింది.

అది మార్చేముందు ఆయన స్ప్రింగుని పొడుగు బోల్టుతో బిగించి కట్టేశాడు. పక్కనున్న కుర్రాడు ఉత్సాహంగా స్ప్రింగు వైపు మూత మీద చెయ్యి వేయబోతే కసిరాడు. “అది ముట్టుకోకు! ఇప్పావంటే మనిషిని లేపేద్ది!” వందల కిలోల బలంతో అణిగి ఉన్న స్ప్రింగు అది. ప్రాణాలు తీసిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అలాగే బెల్లోల మీద నిలబడ్డ బండి కిందకి స్టాండ్లు పెట్టకుండా దూరకూడదు. గాలి దిగిందంటే బండి మీదికొస్తుంది.

కారవాన్‌కి లారీకి లేని జబ్బు ఒకటుందిట. లారీ రోజూ తిరుగుతుంది. కారవాన్ షెడ్యూలు పొడుగునా ఒకేచోట నిలబడుతుంది. జనరేటరుతో ఏసీ నడుస్తుంది గానీ ఇంజను నడవదు, కంప్రెసరు తిరగదు. గాలి మెల్లగా దిగిపోతుంది. ప్యాకప్ చెప్పగానే తొందరపడి లాగకుండా, ముల్లు ఎక్కేదాకా ఆగాలి. దారిలో గాలి అరవై పౌండ్లకి దగ్గర పడితే బజరు మోగుతుంది. మోగితే ‘వచ్చే ఊళ్లో చూద్దాం’ అనకూడదు, అక్కడే పక్కకి తీసి ఆపేయాలి.

మధ్యాహ్నం మూడయ్యేసరికి పని అయింది. మళ్లీ నింపి, మళ్లీ తొక్కి పట్టి చూస్తే ముల్లు కాస్త వణికి నిలబడిపోయింది. డ్రైవరు అప్పుడు తాళాలు బయటికి తీశాడు. పెందుర్తి, శృంగవరపుకోట దాటితే అనంతగిరి ఘాట్. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. “ఎక్కడం ఇంజను పని సార్, దిగడమే మా పని” అన్నాడు. దిగేటప్పుడు చిన్న గేరులో, ఇంజను పట్టు మీద దింపాలి. ఊరికే పెడల్ తొక్కుతూ పోతే గాలీ ఖర్చవుతుంది, డ్రమ్ములూ కాలి పట్టు తప్పుతాయి.

1978లో వచ్చిన ‘మరో చరిత్ర’లో విశాఖ, భీమిలి తీరాలు చూసి మురిసిపోయిన వాళ్లు మనలో ఎందరో! ఆ రోజుల్లో ఔట్‌డోర్‌లో తారలకి చెట్టు నీడే విశ్రాంతి గది. ఇప్పుడు చక్రాల మీద గది వచ్చింది, దానితో పాటు దాన్ని క్షేమంగా కొండ దింపే బాధ్యతా వచ్చింది. ఆ రోజు మేస్త్రి తీసుకున్న కూలి హీరోగారి ఒక పూట కాఫీ ఫలహారాల ఖర్చుకి మించదు. టైటిల్సులో ఆయన పేరూ పడదు, డ్రైవరు పేరూ పడదు.

ఈసారి షూటింగు దగ్గర నిలబడినప్పుడు చెవులు రిక్కించండి. కారవాన్ కింద నుంచి ఒక్కసారిగా ‘తుస్సు’మని వినిపిస్తే పంక్చరని కంగారుపడకండి. డ్రయ్యరు తేమని బయటికి ఊదేసిన చప్పుడది. ఆగకుండా ‘సుయ్’మంటూ ఉంటే మాత్రం హీరోగారి ఆటోగ్రాఫు తర్వాత అడగొచ్చు, ముందు డ్రైవరుకి చెప్పండి!