భీమిలి ఒడ్డున నాలుగు రోజులు

సముద్రానికి ఆమడల దూరాన ముత్తంగిలో కాపురముండే వాడికి కెరటాల మీద స్వారీ గొడవ ఎందుకయ్యా అని మీరడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. మాకు తెలిసిన పోటెల్లా పొద్దున్నే పాశమైలారం ఫ్యాక్టరీలకు మళ్ళే జనమూ, రింగు రోడ్డెక్కే లారీలూ. చెరువులు లేకపోలేదు. కాని పటాన్‌చెరు చుట్టుపట్ల పరిశ్రమలు వెలసిన తరువాత నక్కవాగు నీళ్ళకు పట్టిన గతి 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ నీళ్ళలోకి పిల్లల్ని దిగనిచ్చే తల్లి ఎవరు? మా అమ్మాయి ఈత నేర్చింది రుసుము కట్టి, సిమెంటు తొట్టిలో.

ఒలింపిక్సులో సర్ఫింగు మొట్టమొదట పెట్టింది టోక్యోలో, 2021లో. అది టీవీలో చూసినప్పటినుంచీ పిల్లది ఒకటే పాట. ఇంటరు పరీక్షలు ముగిసిన మర్నాడు, "నాన్నా, మాటిచ్చినవు గద!" అని ఎదురుగా నిలబడింది. ఏప్రిల్ నెల. ముగ్గురం రాత్రి రైలెక్కాము.

విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి కొండలూ సముద్రమూ చెరో పక్కన పెట్టుకొని పాతిక కిలోమీటర్ల రోడ్డు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు. పేరుకు మట్టి గాని నిజానికి ఇసుకే. మంచుయుగంలో సముద్రం వెనక్కి జరిగినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తిపోసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కింది. సినిమాల్లో చూసే ఉంటారు. ఎండలో మేము ఎక్కువసేపు నిలవలేదు.

భీమిలి చిన్న ఊరు, పెద్ద చరిత్ర. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని స్థలపురాణం. కొండ మీద నరసింహస్వామి. పక్కనే పావురాలకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిపించుకున్న తొట్లు. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు బట్టల బేరానికి వచ్చి ఇక్కడ పాతుకున్నారు. 1824 నాటి ఒడంబడికతో మరుసటేడు ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయింది. డచ్చివారి శ్మశానంలో గోపురాల్లాంటి పాత సమాధులు చూస్తూ మా ఆవిడ, "ఇంత దూరం వచ్చి ఇక్కడ పోయారా, పాపం!" అంది. ఎవరి తల్లులు ఎక్కడ ఎదురు చూశారో అని ఆమె ఆలోచన. సముద్రం మీద ఆమెకు నమ్మకం తగ్గడానికి ఆ శ్మశానం చాలా తోడ్పడింది.

సర్ఫింగు నేర్పేది రుషికొండ ఒడ్డున. అక్కడ చేతికొక కాగితమిచ్చారు: ఏం జరిగినా మా పూచీ లేదని. సంతకం తండ్రిది. రేపు పెడతానని జేబులో పెట్టుకొని తిరిగి వచ్చాను.

ఆ సాయంత్రం భీమిలి ఒడ్డున ఒక ముసలి జాలరి వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన నెత్తళ్ళు ఎండుతున్నాయి. సంగతి చెప్పాను.

"ఏటి మేస్టారూ, పాపకి ఈతొచ్చా?"

"వచ్చు."

"సంద్రం చూడ్డం వచ్చా?"

అది రాదన్నాను. నా కోసం వల పక్కన పెట్టాడు. కెరటాలన్నీ ఒక్కలాంటివి కావట. పెద్దవి మూడో నాలుగో వరసగా వచ్చాక కాస్త తెరిపి ఇస్తాయి, తెప్ప తోయవలసింది అప్పుడే. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి లోపలికి పోవాలి గదా, అదంతా ఒకచోట ఇరుకు పాయగా కూడి పరుగెడుతుంది. కెరటం విరగకుండా నున్నగా కనబడే చోటే ఆ పాయ. కొత్తవాళ్ళు అక్కడ నెమ్మదిగా ఉందనుకొని దిగుతారు. "లాగీసిందనుకో, ఎదురీదకూడదు బాబూ. పక్కకి ఈదాల, గట్టు ఎంబడే."

దుంగలు తాళ్ళతో బిగించిన తెప్ప మీద పెద్ద కెరటం పట్టుకొని ఒడ్డుకు జారి రావడం ఆయన చిన్నతనంలో నేర్చిన విద్య. నీళ్ళు దుంగల సందుల్లోంచే పోతాయి గనక తెప్ప మునగదు. ఇప్పుడు ఎక్కువగా ఫైబరు పడవలే. హవాయి ద్వీపవాసులు పలకలెక్కి కెరటాల మీద ఆడటం 1779లో కెప్టెన్ కుక్ నావికులు అబ్బురపడి రాసుకున్నారు. మనవాళ్ళది పొట్టకూటి పని గనక దానిని ఆట అన్నవారు లేరు. ఇంగ్లీషువారి 'కటమరాన్' మాత్రం తమిళుల కట్టుమరమే; తెలుగు మేష్టరుకు మాట కనబడితే పట్టుకోకుండా ఉండటం కష్టం!

మర్నాడు సంతకం పెట్టాను. ముందు పాయ ఎక్కడుందో అమ్మాయి చేత చూపించాను. సరిగ్గానే చూపింది. పలకకు కట్టిన తాడు మడమకు బిగించి, నేర్పే కుర్రాడు నడుం లోతుకు తీసుకుపోయాడు. పలక మీద బోర్లా పడుకొని, కెరటం వెనకనుంచి ఎత్తినప్పుడు ఒక్క ఊపున లేచి నిలబడాలి. మొదటిరోజు లేచింది లేదు. తాగిన ఉప్పునీటికి లెక్క లేదు. ఒకసారి పలక తేలింది, పిల్ల తేలలేదు. రెండో మూడో క్షణాలేమో. మా ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగాయి. తల పైకి వచ్చింది, నవ్వుతోంది. మూడోరోజు నిలబడింది, అయిదంకెలు లెక్కపెట్టేంత సేపు. మా ఆవిడ చూడలేదు, కళ్ళు మూసుకుంది.

నాలుగోరోజు చీకటితోనే తాబేటి పిల్లల్ని వదిలే చోటికి వెళ్ళాము. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివరనుంచి ఈ ఒడ్డుకు వచ్చి గుంటకు నూరు దాకా గుడ్లు పెట్టి పోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వకుండా అటవీశాఖవారు గుడ్లు తెచ్చి కంచె వేసిన ఇసుకలో పాతిస్తారు. నలభై అయిదు, అరవై రోజుల్లో పిల్లలు. ఇసుక వెచ్చన ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. వెలుతురు ఉన్న వైపు నడవడం వాటి స్వభావం. చీకట్లో మెరిసేది ఒకప్పుడు సముద్రమే. ఇప్పుడు రోడ్డు దీపాలు చూసి ఊళ్ళోకి నడుస్తున్నాయి. పెద్దవేమో మరపడవల వలల్లో చిక్కి, పైకి వచ్చి ఊపిరి పీల్చే వీల్లేక చస్తున్నాయి. ఒక కళేబరం మేమూ చూశాము. వెయ్యింట ఒకటి బతికితే గొప్పట.

బుట్ట వంచగానే అరచేతిలో పట్టే పిల్లలు బిలబిలా బయలుదేరాయి. ఒకటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మా ఆవిడ ఎత్తి నీళ్ళలో వదలబోయింది.

"బోర్లా తిప్పి వదిలీండమ్మా," అన్నాడు కాపలా అతను. "నడిచే ఎల్లాల."

ఆమె తిప్పింది. అది నడిచింది. కెరటం వెనక్కి తోసింది, మళ్ళీ నడిచింది. దాని వెనకే, చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా చూసుకోకుండా, మా ఆవిడ మోకాటి లోతుకు వెళ్ళి నిలబడింది.