ముఆవజా

ఖాలా ఇంతెఖాల్ అయిందని మగ్రిబ్ తర్వాత ఫోనొచ్చింది. మర్నాడు జొహర్ నమాజ్ అయ్యాక జనాజా. హైదరాబాద్ నుంచి ఆదోనికి రాత్రి రైల్లో, కరెంట్ బుకింగ్‌లో ఒక బెర్త్ దొరికింది. తెల్లారేసరికి దిగుతాను, ఆఖరి దీదార్ అవుతుంది అనుకున్నా.

రైలు టైముకే కదిలింది. వాడి దాటాక ఆగిపోయింది. టీసీ "సిగ్నల్" అన్నాడు. చాయ్ అబ్బాయి "ముందు గూడ్స్ ఫెయిలయింది సార్" అన్నాడు. రాయచూరు చేరేసరికి పదకొండున్నర. అక్కడా కదల్లేదు. దిగిపోయి కారు మాట్లాడుకున్నా, 2,800 రూపాయలు. ఖబరస్తాన్ గేటు దగ్గరికి వెళ్ళేసరికి మావాళ్ళు చేతులు కడుక్కుంటూ బయటికొస్తున్నారు. మూడు గుప్పెళ్ళ మట్టి కూడా నా చేత్తో వేయలేకపోయా.

జియారత్ అయ్యి ఇంటికొచ్చాక జేబులో కారు రసీదు కనిపించింది. అప్పుడు మొదలైంది ఈ గొడవ.

ముందు టీడీఆర్ చూశా. రైలు మనం ఎక్కే స్టేషన్‌కి మూడు గంటలకు మించి లేటుగా వస్తే, ప్రయాణం మానుకుని, అది బయల్దేరేలోపు టీడీఆర్ వేస్తే పూర్తి టికెట్ డబ్బు వాపస్ ఇస్తారు. నేను ఎక్కినప్పుడు అది టైముకే ఉంది. ఎక్కాను కూడా. కాబట్టి ఆ దర్వాజా బంద్.

రెండోది వినియోగదారుల కమిషన్. 2021 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద నాలుగు పేరాల వార్త రాసింది నేనే. అజ్మీర్ నుంచి జమ్మూ వెళ్ళే రైలు నాలుగు గంటలు లేటైతే ఒక కుటుంబానికి శ్రీనగర్ విమానం తప్పిపోయింది, టాక్సీలో వెళ్ళారు. కోర్టు వాళ్ళకి 30,000 ఖాయం చేసింది. ఆలస్యానికి కారణం తమ చేతుల్లో లేదని రైల్వేనే రుజువు చేసుకోవాలి, లేకపోతే ముఆవజా ఇవ్వాల్సిందే అంది. వార్త రాసినప్పుడు నాకది హెడ్డింగు మాత్రమే.

ఫిర్యాదు మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. రెండేళ్ళ గడువు. 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీల్ కూడా అక్కర్లేదు. టికెట్, రసీదు, రైలు ఎక్కడెక్కడ ఎంత లేటయిందో చూపే ప్రింటు పెట్టుకుని కూర్చున్నా. 'నష్టం' అన్న చోటికొచ్చి కలం ఆగింది. 2,800 రాశా. ఆ తర్వాత ఏం రాయాలి? వకీల్ దోస్త్ "మానసిక వేదన అని యాభై వేలు వెయ్యి" అన్నాడు. ముఆవజాలో ఉన్నది ఇవజ్, అంటే బదులు. ఖాలా మొహం చూడలేకపోయినదానికి బదులు ఎంతని వెయ్యను?

అమ్మీకి సంగతి తెలిసి మండిపడింది. "బెహెన్‌కి మయ్యత్ కే నామ్ పే పైసే? తోబా!" అంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తక్దీర్ అనుకుని సబర్ చేయమంది. సబర్ చేశాను అమ్మీ, కానీ గంటల తరబడి రైలు ఆపినవాళ్ళు ఒక్క ముక్క చెప్పకపోవడం కూడా తక్దీరేనా అన్నా.

మూడో రోజు రోటీలు కాలుస్తూ తనే మొదలెట్టింది. ఖాలా ఒకసారి కిరాణా షాపులో నాలుగణాల చిల్లర కోసం అసర్ దాకా నిలబడిందట. షాపువాడు చాక్లెట్ ఇస్తానంటే తీసుకోలేదట. "హక్ మాంగ్నేమే షరమ్ కాయ్కు" అనేదట. ఆ పావలా తెచ్చి బయట కూర్చున్న ఫకీర్‌కి ఇచ్చేసిందట. చెప్తూ చెప్తూ అమ్మీ దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది. రోటీ మాడింది.

ఆ రాత్రి ఫారం పూర్తి చేశా. కారు కిరాయి 2,800. ఖర్చులు కమిషన్ దయ. యాభై వేలు రాయలేదు. రైలు ఎందుకు ఆగిందో లిఖితపూర్వకంగా చెప్పించమని ఆఖర్లో ఒక లైను చేర్చా. ఇలాంటి కోరిక చెల్లుతుందో లేదో అని వకీల్ దోస్త్ నవ్వాడు.

రెండు వాయిదాలు అయ్యాయి. మొదటిసారి అవతలివాళ్ళు రాలేదు. రెండోసారి వచ్చి జవాబు దాఖలుకి టైము అడిగారు. ఇంటికెళ్తే అమ్మీ అడిగే సవాల్ ఒక్కటే.

"కాయ్కు రుకీ థీ బోలే క్యా?"

"అభీ నై అమ్మీ."