పెట్రోల్లో ఓ మూతెడు ఆయిలు

ఏమండోయ్, పాత కారున్న మనిషి పెట్రోలు కొట్టించుకుని తిన్నగా ఇంటికెళ్లడం ఎక్కడైనా చూశారా? నేనైతే చూళ్లేదు. ఆఖరి చుక్క పడీ పడకముందే డిక్కీ తెరుస్తాడు. గుడ్డలో చుట్టిన సీసా తీస్తాడు. మూతతో కొలిచి ట్యాంకులో ఒంపుతాడు. వెనక హారన్లా? మోగనీండి!

“ఎందుకండీ అదీ?” అని అడిగారో, ఆ సాయంత్రం ఇక మీది కాదు.

ఇంగ్లండులో ఈ ముచ్చటకి రెడెక్స్ అని పేరు. పాతరోజుల్లో బంకులోనే షాట్ల లెక్కన పోసేవాళ్లు. ఆ రెడెక్స్ పేరుతోనే 1953లో ఆస్ట్రేలియా చుట్టూ కార్ల పందెం నడిచింది. మరుసటేడు గెలిచిన జాక్ ముర్రేకి దారిపొడవునా జెలిగ్నైట్ పేల్చే సరదా ఉండేది. ‘జెలిగ్నైట్ జాక్’ అన్న పేరే ఖాయమైపోయింది. నూనె సీసా పందెంలో పేలుళ్లేమిటి, విడ్డూరం కాకపోతే!

సరే, ఆ నూనె చేసేదేమిటి? వాల్వు కాడలకీ, సిలిండరు పైభాగానికీ కింది ఆయిలు అంతంతమాత్రంగా అందుతుంది కదా. పెట్రోలుతో కలిసి వెళ్లి అక్కడ కాస్త తడి చేస్తుందని నమ్మకం. ఇప్పటి ఇంజినాయిళ్లుండగా అదెందుకని మెకానిక్కులు నవ్వుతారు. నవ్వితే నవ్వారు, మీ జేబులోంచి పోయిందేముంది?

అసలు చిక్కు సీసం దగ్గరుంది. పూర్వం పెట్రోల్లో కలిపే సీసం కాలి, వాల్వు సీటింగు మీద సన్నటి పొరలా పరుచుకుని కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశమంతా సీసం లేని పెట్రోలే. పిల్లల ఆరోగ్యానికి మంచిదే, ఎవరు కాదన్నారు? పాత అంబాసిడర్‌కే కష్టం. దాని 1489 సీసీ ఇంజిను బ్రిటిష్ బీఎంసీ వారి సంతానం. ఆ తరం ఇనప హెడ్డుల్లో సీటింగు హెడ్డులోనే కోసి ఉంటుంది. వేగంగా, బరువుతో తోలితే వాల్వు మెల్లగా అందులోకి దిగబడుతుంది. టాపెట్ సందు తగ్గిపోతుంది. దీనికి మామూలు నూనె పనిచెయ్యదు. పొటాషియమో, మాంగనీసో ఉన్న మందు పొయ్యాలి, లేదా హెడ్డు దించి గట్టి సీట్లు వేయించాలి. ఈ మాట సీసా పెద్దమనిషితో అనకండి. స్నేహం చెడుతుంది.

నూనె లేకపోతే నిజంగా ప్రాణం పోయేది టూస్ట్రోకు బండికి. మన చేతక్ గుర్తుందా? లీటరుకి 20 మిల్లీలీటర్లు పోయించి, స్కూటర్ని అటూ ఇటూ ఊపి, నీలిపొగ వదులుతూ పోయేవాళ్లం! స్వీడన్ వాళ్ల సాబ్ 96 కారూ మొదట్లో ఆ జాతిదే. కొండ దిగుతూ యాక్సిలరేటరు వదిలేస్తే పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటు నూనే తగ్గుతుంది. ఇంజిను పట్టేస్తుంది. అందుకని ఫ్రీవీల్ పెట్టారు. దిగుడులో చక్రాలు వాటి పాటికవి దొర్లుతాయి, ఇంజిను తీరిగ్గా ఊపిరి పీలుస్తుంది. ఆ బుల్లి కారుతోనే ఎరిక్ కార్ల్‌సన్ 1962లో, 1963లో మాంటీకార్లో ర్యాలీ కొట్టేశాడు. భలే కదూ?

అలాగని ప్రేమ పొంగిపోయి సీసా మొత్తం ఒంపకండి బాబూ. పొగొస్తుంది. నూనెతో ఆక్టేన్ తగ్గి నాకింగు మొదలవుతుంది. ప్లగ్గులు నల్లబడి మిస్సింగ్ కొడతాయి. అప్పుడు వాటిని విప్పి గీకుతూ కూర్చోవాలి. నిజం చెప్పొద్దూ, అదీ ఓ ఆదివారం కాలక్షేపమే. మీ ఇంట్లో ఉప్పుకాగితం ఉందా?