దారికి ఇరవై అడుగుల అవతల

ఉగాది దగ్గరపడితే నల్లమలలోని ఆత్మకూరు అడవిలో ఉద్యోగం చేసేవాళ్లకు కంటిమీద కునుకుండదు. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట వైపు నుంచి మల్లన్న భక్తులు కాలినడకన వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడబిడ్డ, ఆమెకు సారె పెట్టడానికే ఆ నడక. వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను దాటి, కైలాసద్వారం మెట్లెక్కి శ్రీశైలం చేరతారు. అంత జనం నడిచే బాటలో మనిషి తప్పిపోతాడంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. సెక్షన్ ఆఫీసరుగా నేను అక్కడ పనిచేసిన కాలంలో, ఫలానా ముసలాయన కనబడడం లేదన్న కబురు రాని ఉగాది లేదు.

దారి తెలియక తప్పిపోయేవాళ్లు తక్కువ. దారి వదిలి పక్కకు పోయినవాళ్లే ఎక్కువ. ఒకటికో రెంటికో పొద చాటుకు పోతారు, లేదా ఎండకు తాళలేక చెట్టు నీడన నడుం వాలుస్తారు. లేచి చూస్తే నాలుగు దిక్కులూ ఒకే తీరుగా ఉంటాయి. అవే వెదుళ్లు, అదే బోద గడ్డి, అవే నల్లమద్ది మాన్లు. బాట ఇరవై అడుగుల అవతలే ఉంటుంది, వాళ్లేమో దానికి వీపు పెట్టి నడక మొదలుపెడతారు. ఇది మన అడవికే ఉన్న గుణం కాదు. అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ మీద 2013లో 66 ఏళ్ల పాదచారిణి ఒకామె మెయిన్ రాష్ట్రంలో ఇలాగే బాట దిగి పక్కకు వెళ్లి, తిరిగి రాలేకపోయింది. ఆమె పంపిన మెసేజీలు సిగ్నల్ లేక ఎవరికీ చేరలేదు. గుడారం వేసుకుని కనీసం 26 రోజులు బతికిందని ఆమె రాసుకున్న నోటు పుస్తకం వల్ల తెలిసింది. ఆ గుడారం బయటపడింది 2015లో. బాట అక్కడికి మూడు కిలోమీటర్ల లోపే.

కబురు రాగానే బంధువులంతా తలో దిక్కుకూ పరుగెత్తబోతారు. వాళ్లను ఆపడమే మా మొదటి పని, అన్నిటికన్నా కష్టమైన పని కూడా. పదిమంది తొక్కిన నేల మీద ఒక్కడి జాడ ఏం మిగులుతుంది? మనిషిని చివరిసారి చూసిన చోటు ఏదో తేల్చుకుని అక్కడొకరిని నిలబెడతాం. అటువైపు ఉన్న బండిబాటల మీద, వంకలు దాటే చోట్ల వాచర్లను కాపు పెడతాం. ఆ తర్వాతే చెంచులను తీసుకుని లోపలికి అడుగుపెడతాం.

చెంచు పెద్దాయన ఒకరితో చాలాకాలం కలిసి తిరిగాను. ఆయన జాడ వెతికే తీరు ఏ శిక్షణ తరగతిలోనూ నాకు దొరకలేదు. రాలిన ఆకుల మీద అడుగు పడదు కదా అని నేను అనుకునేవాణ్ని. ఆయన తిరగబడిన ఆకును చూసేవాడు. పైన ఎండకు వెలిసి, అడుగున ముదురు రంగుతో ఉండే ఆకు బోర్లా పడి ఉంటే ఏదో కాలు తగిలినట్టే. ఒకసారి ఒక తాత కోసం వెతుకుతూ, పెచ్చెర్వు దాటాక బాట రెండు పాయలుగా చీలిన చోట వంగి చూసి, "ఈ తట్టు పోల్యా సారూ, సాలెగూడు తెగల్యా" అన్నాడు. రెండో పాయలో కొంత దూరం పోయాక రాలిన బొరుగులు కనిపించాయి. చీమలు అప్పుడప్పుడే చేరుతున్నాయి. "ఇప్పుడే పోయినాడు, ముసలోడు, అలిసినాడు" అన్నాడు. అన్నట్టే, కాస్త దూరంలో ఎండిన వంకలో ఇప్పచెట్టు కింద ఉన్నాడు తాత. మనవడు "అజ్జా, అజ్జా" అని అరుస్తూనే ఉన్నాడు దారి పొడుగునా. తాతకు వినబడిందట. గొంతెండి పలకలేకపోయాడు. అందుకే అడవిలోకి వచ్చేవాళ్ల మెడలో ఒక ఈల ఉండాలని ఆనాటి నుంచి అందరికీ చెబుతూ వచ్చాను. కేక వేసే ఓపిక లేనప్పుడు కూడా ఈల ఊదొచ్చు. మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నారని వెతికేవాళ్లకు అర్థమవుతుంది.

తాత దొరికింది కదలకుండా కూర్చున్నందుకు. గంటకు మూడు కిలోమీటర్లు నడిచే మనిషి గంటలో ఎటైనా పోయి ఉండొచ్చు కాబట్టి మేం వెతకాల్సిన అడవి 28 చదరపు కిలోమీటర్లు. మూడు గంటలయ్యేసరికి అది 254. ఆలస్యం అయ్యేకొద్దీ మేం ఎంతమందిమి ఉన్నా చాలం. పైగా నడిచేవాడు తిన్నగా పోతాడా అంటే అదీ లేదు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధకులు అడవిలో, సహారా ఎడారిలో మనుషులను నడిపించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సూర్యుడో చంద్రుడో కనబడినంతసేపు తిన్నగా నడిచినవాళ్లు, అవి మరుగైతే తిరిగిన చోటే తిరిగారు. తిన్నగానే పోతున్నామనుకుంటూ!

పడుచువాళ్లది మరో ప్రమాదం. వంక పట్టుకుని కిందికి పోతే ఊరొస్తుందని వాళ్ల ధీమా. నల్లమలలో వంక చాలాచోట్ల నిలువు బండ అంచున ముగుస్తుంది. దూకలేరు, దిగిన దారి ఎక్కలేరు. అలాంటి చోటు నుంచి ఇద్దరు కుర్రాళ్లను మోసుకొచ్చాం. ఒకడే బతికాడు. వాడి తల్లి ముఖమూ, రెండోవాడి తల్లి ముఖమూ నాకు ఒకేసారి గుర్తొస్తాయి.

పులి తినేసిందేమోనని అందరూ అడుగుతారు. మార్చి ఎండలో నేను భయపడింది దాహానికి. జంతువుల్లో ఎలుగుబంటికి.

ఆకాశం నుంచి చూస్తే కనబడరా అనీ అడుగుతారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఈ అడవి మీదే ఆచూకీ లేకుండా పోయినప్పుడు సుఖోయ్ విమానాన్ని సైతం పంపారు. అంత పెద్ద యంత్రం పావురాలగుట్ట మీద బయటపడింది మర్నాడు ఉదయం. వానాకాలపు అడవి అంతలా కప్పేస్తుంది. అలాంటప్పుడు ఒంటరి మనిషి ఏపాటి?

కబురు పెట్టి, ఉన్నచోటే ఆగితే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2023 జులై 26న ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడబోయిన ఎనభై మంది దాకా వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. సాయం కోసం ఫోన్ చేశారు. వాగు దాటే సాహసం చేయకుండా ఆగారు. ఎన్డీఆర్ఎఫ్ బృందాలు ఆ చీకట్లోనే చేరుకుని వాళ్లను బయటికి తెచ్చాయి.

అనుమతి లేకుండా అడవిలోకి వచ్చినవాళ్లు కేసు పెడతారన్న భయంతో మాకు చెప్పరు. సొంతంగా వెతికి, చీకటిపడ్డాక వస్తారు. ఆ పూట పోగొట్టుకున్న వెలుతురును ఎవరూ తిరిగి ఇవ్వలేరు. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మనిషి దొరకాలి.

మీతో వచ్చిన మనిషి అరగంట కనబడకపోతే ఒకరు అక్కడే ఉండండి, ఒకరు దగ్గరి చెక్‌పోస్టుకో బేస్ క్యాంపుకో రండి. సిగ్నల్ ఉంటే 112కు ఫోన్ చేయండి. తప్పిపోయింది మీరే అయితే, తప్పిపోయామని తెలిసిన చోటే కూర్చోండి. మేం వస్తాం.