పసిపాదములకు పాదరక్షలు

వరంగల్లు చౌరస్తా దుకాణములలో అరచేత నిముడు చిన్ని బూట్లు వ్రేలాడుచుండును. తళుకులు కుట్టినవి కొన్ని, అడుగువేసినంతనే కీచుమనునవి కొన్ని. నెలల బిడ్డకు వీనిని తొడుగుట నేఁడు మన గృహములలో ముచ్చటయైనది. ముచ్చటను మేము నిందింపము. అయినను నడవనేరని బిడ్డకు బూట్లతో నేమి పని? అవి చూచెడి పెద్దల కన్నులకొఱకే.

పసిపాదపు టెముకలు లేఁతవి. అడుగునందలి వంపు కొన్ని యేండ్లకుఁగాని కుదురుకొనదు. వట్టికాళ్ల బిడ్డ వ్రేళ్లతో నేలను పట్టి నిలుకడ నేర్చుకొనును. వైద్యులు ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ గారలు మన దేశమున 4 మొదలు 13 ఏండ్లలోపు 2,300 మంది పిల్లల యడుగుజాడలను పరిశీలించి 1992లో ఫలితములను ప్రకటించిరి. పాదరక్షలు తొడుగువారిలో నూటికి 8.6 మందికి చదునుపాదము కనఁబడఁగా, తొడుగనివారిలో 2.8 మందికే కనఁబడెను. వ్రేళ్లను మూసివేయు బూట్లు తొడుగువారిలో నది మఱింత హెచ్చు.

అట్లయిన పాదరక్షలే వలదా యని తల్లులు ప్రశ్నింపవచ్చును. నడక నేర్చి గడప దాటిన బిడ్డకు తప్పక వలయును. మలముచేఁ జెడిన నేలయందు పెరుగు కొంకిపురుగు పిల్లలు వట్టిపాదముల చర్మమును తొలుచుకొని దేహమునఁ జొచ్చి, ప్రేవులఁ జేరి రక్తము పీల్చును. బిడ్డ పాలిపోయి నీరసించును.

మా మనుమరాలి తొలి పుట్టినదినమునకు బంధువులు మూఁడు జతలు తెచ్చిరి. ఒకదాని పట్టీని వదులు చేయించుటకు హనుమకొండలో బాటప్రక్కఁ జెప్పులు కుట్టు నొకని యొద్దకుఁ బోయితిమి. అతని కూఁతురు, అప్పుడే నడక నేర్చినది, మురుగుకాలువ యొడ్డున వట్టికాళ్లతో నాడుచుండెను.

"బిడ్డకు చెప్పులు లేవా, తమ్మీ?" యని యడిగితిమి.

"మందియి కుట్టెటందుకే పొద్దు సాల్తలేదు సారూ, దీనియెప్పుడు కుట్టాలె?" అనెను.

దొరల గడీలముందు, చెప్పులు కుట్టు కులమువారే చెప్పులు చేతఁబట్టి నడచిన కాల మీ సీమకుఁ గలదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. శాసన మది చేయఁగలిగెను. కూలి నిర్ణయించుట మాత్రము నేఁటికిని మన బేరముల యందే యున్నది.

కావున సోదరీసోదరులారా, చంకబిడ్డ పాదములను స్వేచ్ఛగా విడువుఁడు. చలికి వదులైన నూలు మేజోళ్లు చాలును. బయట నడచు బిడ్డకు మెత్తగా వంగు నడుగును, వ్రేళ్లు కదలుటకుఁ జోటును గల చెప్పులు కొని, రెండుమూఁడు నెలల కొకసారి కొలత చూచుకొనుఁడు. కుట్టినవానితో బేరమాడక తగిన కూలి యిండు. అప్పుడు తన బిడ్డకు కుట్టుటకును అతనికి పొద్దు చిక్కును.