ఇల్లు అమ్మబడును (షరతులు వర్తిస్తాయి)

రాజోల్లో మా ఇంటి గేటుకి "ఇల్లు అమ్మబడును" అని బోర్డు కట్టింది 2022 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు. రిజిస్ట్రేషన్ అయింది 2025 ఫిబ్రవరిలో. ఈ మధ్యలో ఎవరడిగినా "అక్కడ మార్కెట్ బాగా స్లోగా ఉందండీ" అనే చెప్పేవాణ్ణి. ఆఫీసులో అదే, చుట్టాల దగ్గర అదే, ఆఖరికి మా ఆవిడ దగ్గరా అదే. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం నాకు నేను ఒప్పుకోడానికి మూడేళ్ళు పట్టింది.

ముందు ఇంటి సంగతి. మా నాన్న లెక్కల మాస్టారు. 1988లో లోను తీసుకుని కట్టించారు. పన్నెండు సెంట్ల స్థలంలో మూడు గదుల డాబా, వెనక దొడ్డి, అందులో ఓ నుయ్యి, కొబ్బరి చెట్లు. 1986 వరద కళ్ళారా చూసిన మనిషి కాబట్టి పునాది బాగా ఎత్తుగా లేపించారు. అమ్మ మోకాళ్ళు ఆ మెట్లని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాయి. చెట్లు పదమూడు ఉండేవి. 1996 నవంబరు తుపాను రాత్రి నాలుగు పోయి తొమ్మిది మిగిలాయి. నేనప్పుడు ఇంటర్. తెల్లారి లేచి చూస్తే మా దొడ్లోంచి పక్క వీధి కనపడింది, అంతకుముందెప్పుడూ కనపడేది కాదు.

నాన్న 2019లో పోయారు. కరోనా టైములో ఏడాదిన్నర అక్కడినుంచే పని చేశాను. కాల్‌లో ఉండగా వెనక కొబ్బరికాయలు దింపుతుంటే ఆ చప్పుడుకి అమెరికాలో మా మేనేజరు హడలిపోయేవాడు :) 2021 చివర్లో అమ్మ అదే మెట్ల మీద జారి పడింది. హైదరాబాదు తీసుకొచ్చేశాం. ఇంటికి తాళం పడింది.

అక్కా, బావగారూ, నేనూ కూర్చుని ధర పెట్టాం. ఎలా పెట్టామో చెప్తే నవ్వుతారు. నేనుండే అపార్టుమెంట్లో డబుల్ బెడ్రూమ్ ఫ్లాటు డెబ్బైకి పోయింది కాబట్టి, పన్నెండు సెంట్లూ ఇల్లూ కలిపి అరవై అయినా రావాలి కదా అన్నారు బావగారు. న్యాయంగానే అనిపించింది. ఊళ్ళో ఏజెంటుకి ఫోన్ చేసి చెప్తే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆయ్, ఇంటికి రేటు రాదండి బాబూ, సైటుకే రేటు. కొన్నోడికి ఇల్లు పడగొట్టడం మళ్ళీ ఎదురు ఖర్చండి" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ విని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఏజెంటు తప్పు చెప్పలేదు. రాజోలంటే ఒకపక్క వశిష్ఠ, ఒకపక్క వైనతేయ, కింద సముద్రం. బయటివాళ్ళు ఉద్యోగానికొచ్చి స్థిరపడే ఊరు కాదు, ఉన్నవాళ్ళు చదువుకుని వెళ్ళిపోయే ఊరు. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు మార్గం 2000-01 బడ్జెట్లో మంజూరైంది. అప్పటి పిల్లలు ఇప్పుడు హోమ్‌లోన్లు కడుతున్నారు గానీ కోనసీమ దాటి నరసాపురం వెళ్ళే రైలు మాత్రం ఇంకా చూడలేదు. డబ్బున్నవాళ్ళు చేలు కొంటారు, చెరువులు కొంటారు, లేదా హైదరాబాదులో ఫ్లాట్లు కొంటారు. పాతిల్లు ఎవరిక్కావాలి? మా వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే ఆరింటికి తాళాలే. ఇక బేరాల సీజన్ అంటే సంక్రాంతి మూడు రోజులు. అప్పుడే అందరూ ఊళ్ళో ఉంటారు, కానీ అప్పుడందరికీ కోడిపందేలూ, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమూ ఉంటాయి. ఇల్లు చూద్దాం రమ్మంటే "పండగెళ్ళాక" అంటారు. పండగెళ్ళాక వాళ్ళూ వెళ్ళిపోతారు.

ఇదంతా నిజమే. మొదటి సగం ఇది.

అయినా కొంతమంది వచ్చారు. ఒక కాంట్రాక్టరుగారు సగం బ్యాంకులో, సగం చేతిలో అన్నారు. స్థిరాస్తి బేరంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు పుచ్చుకోకూడదని 2015 జూన్ నుంచే ఆదాయపు పన్ను చట్టంలో ఉందండీ అంటే "మీరు చదువుకున్నోళ్ళండి" అని నవ్వి వెళ్ళిపోయారు. మరొకాయన నుయ్యి వాస్తుకి లేదన్నారు. ఇంకొకాయనకి రోడ్డువైపు రెండు సెంట్లు చాలట, మిగతా పది మమ్మల్నే ఉంచుకోమన్నారు.

మార్చిలో ఒకావిడ వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. పదహారేళ్ళు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేశారు. అప్పుడు నేనూ ఊళ్ళోనే ఉన్నాను. మిగతావాళ్ళందరూ హాలు చూసి వెళ్ళారు గానీ, ఆవిడ తిన్నగా దొడ్లోకి నడిచి, నూతిలో చేద వేసి, నీళ్ళు దోసిట్లో పోసుకుని రుచి చూశారు. "ఇంకా ఉప్పు తగల్లేదండి" అన్నారు. గోడలు తట్టి చూశారు. మా తమ్ముడికి మాస్టారే లెక్కలు చెప్పారండి అన్నారు. ఆవిడొక్కరే ఇల్లు పడగొట్టే మాట ఎత్తలేదు. నలభై నాలుగు అన్నారు, మొత్తం బ్యాంకు ద్వారానే. అమ్మనడిగి చెప్తానన్నాను.

ఆ రాత్రే మా వీధిలో పెద్దాయన ఫోన్ చేశారు. వరసకి పెదనాన్న అవుతారు, నాకు సైకిల్ నేర్పిన మనిషి. "ఒరే అబ్బాయ్, ఇల్లు నీది, కాదనను. కానీ మాస్టారిల్లు పేట వాళ్ళకిస్తే రేపు మేమెలా ఉండాలో కూడా ఆలోచించు. నువ్వు సంతకం పెట్టేసి బస్సెక్కుతావు" అన్నారు. కోపంగా కాదు, మామూలుగా, బియ్యం రేటు చెప్పినట్టు చెప్పారు.

అమ్మకి ఫోన్లో చెప్పాను. కాసేపాగి "రేటు కూడా తక్కువే కదా" అంది. నాకు అంతకంటే ఏం కావాలి? దొరికింది కారణం! ఏజెంటుతో అరవైకి తగ్గేది లేదన్నాను. ఆవిడ నలభై ఏడు దాకా వచ్చారు. అప్పుడు నేనే మాట్లాడి "అమ్మ మనసు మార్చుకుందండీ, అమ్మటం లేదు" అన్నాను. గేటుకి బోర్డు అలాగే ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. 2006లో ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదులో అద్దెకి గది వెతుక్కుంటుంటే ఒక ఓనరుగారు జీతం ఎంత అని అడగలేదు, కంపెనీ ఏదని అడగలేదు. "మీరేవిట్లు?" అన్నారు. రూముకొచ్చి ఫ్రెండ్స్ దగ్గర గంటసేపు లెక్చరిచ్చాను. ఈ దేశం బాగుపడదన్నాను. మొత్తం తిరగేసి చెప్పడం ఎంత తేలికో! నేను ఓనరయ్యేసరికి ఆ ప్రశ్న నోటితో అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఊరే నాకోసం అడిగిపెట్టింది.

ఆ ఏప్రిల్లో కోనసీమ విడిగా జిల్లా అయింది. అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఒక మంత్రిగారి ఇల్లూ, ఒక ఎమ్మెల్యేగారి ఇల్లూ తగలబెట్టారు. కొన్నాళ్ళు మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేశారు. టీవీలో చూస్తూ "ఛ, మా ఊళ్ళ పక్కనే" అన్నాను. అమ్మ నావైపు చూసింది, ఏమీ అనలేదు. ఆగస్టులో పేరు మారింది. మధ్యలో జూలైలో గోదావరికి పెద్ద వరద. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు, కానీ ఇల్లు చూస్తామన్న ఇద్దరూ రాలేదు.

మనుషుల్లేని ఇల్లు ఎంత తొందరగా ముసలిదవుతుందో నాకు తెలీదు. మొదటి ఏడు గుమ్మాలకి చెదలు. రెండో ఏడు శ్లాబు కారి హాల్లో నాన్న పుస్తకాల బీరువా తడిసింది. దింపు తీయించేవాళ్ళు లేక ఎండుకాయలు రాలి సన్‌షేడ్ పెచ్చులూడింది. రిపేర్లకి లక్షా ఎనభై వేలు పెట్టాను. నలభై ఏడు లక్షలు ఆరు శాతానికి డిపాజిట్ చేసినా మూడేళ్ళకి ఎనిమిది లక్షల పైనే. ఈ లెక్క ఎక్సెల్‌లో వేసి ఎవరికీ చూపించకుండా మూసేశాను.

2024 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఏజెంటుతో గట్టిగానే అన్నాను, రెండేళ్ళలో ఒక్క పార్టీని కూడా సరిగ్గా తేలేదేంటండీ అని. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి "కండిషన్లు తీసెయ్యండి సార్, రెండు మూడు నెలల్లో పార్టీని చూపిస్తాను" అన్నాడు.

"నేనేం కండిషన్లు పెట్టానండీ?"

"తెలీనట్టడుగుతారేంటండి" అన్నాడు. అంతే.

మన భాషలో చెప్పాలంటే, రెండేళ్ళుగా జీరో రోస్ వస్తున్నాయని డేటాబేస్‌ని తిడుతున్నాను. క్వెరీలో వేర్ క్లాజ్ నేనే రాశాను. కాదు, రాయలేదు కూడా, డిఫాల్టుగా ఉన్నదాన్ని అలాగే వదిలేశాను. మార్కెట్ స్లోగానే ఉంది. ఆ ఊళ్ళో ఇల్లు కొనగలిగిన పదిమందిలో సగం మందిని గేటు దగ్గరే ఆపేస్తే స్లోగా ఉండక ఏమవుతుంది? కువైట్లోనో మస్కట్లోనో ఏళ్ళతరబడి కష్టపడి, ఆ డబ్బు ఈ ఊళ్ళోనే పెట్టి, ఈ ఊళ్ళోనే ఉండాలనుకునేవాళ్ళు వాళ్ళు. నాలాంటి వాడు అమ్ముకోడానికొస్తాడు గానీ కొనడానికి రాడు కదా.

హైదరాబాదు వచ్చాక అమ్మనడిగాను. "మీ నాన్న ఉంటే ఆ రోజే ఇచ్చేసేవారు. నువ్వు ఇష్టం లేనట్టు చెప్తే రేటు మాట అన్నాను. నేను వద్దన్నానా?" అంది. అనలేదు. నేను అమ్మ చాటున దాక్కున్నాను, అమ్మ రేటు చాటున దాక్కుంది. పెద్దాయన్ని ఒక్కణ్ణే అని లాభమేంటి?

ఏజెంటు దగ్గర నంబరు తీసుకుని ఆవిడకి ఫోన్ చేశాను. కువైట్లోనే ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలీక ఇల్లు అమ్మడానికి సిద్ధంగా ఉన్నామని చెప్పాను. "మలికిపురం వైపు సైటు కొని కట్టేసుకున్నామండి బాబూ, మొన్న శ్రావణమాసంలో గృహప్రవేశం" అన్నారు. అప్పుడు అమ్మ పేరు చెప్పి అబద్ధమాడాననీ, క్షమించమనీ అన్నాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "రేటు గురించి కాదని అప్పుడే తెలుసండి. నేనూ ఆ ఊరిదాన్నే కదండీ" అన్నారు. తర్వాత అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు. మాస్టారి పేరు మాత్రం ఈసారి ఎత్తలేదు. పర్లేదు అని కూడా అనలేదు. అనాలని నేనెందుకు అనుకున్నానో!

ఏజెంటుకి ఫోన్ చేసి కండిషన్లేమీ లేవన్నాను. ఆయనన్నట్టు రెండు మూడు నెలల్లో కాలేదు గానీ, మనుషులు రావడం మాత్రం మొదలైంది. వేసవిలో మూఢం పోయాక నలుగురు వచ్చారు. చివరికి తీసుకున్నది ఒక స్టాఫ్ నర్సు, ఆవిడ భర్త కరెంటు లైన్‌మన్. వాళ్ళదీ పేటే. బ్యాంకు లోను. బ్యాంకు వాల్యూయరు ముప్పై ఆరేళ్ళ బిల్డింగుకి దాదాపు ఏమీ కట్టలేదు, అందువల్ల ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది.

కాగితాల పనికి ఆర్నెల్లు. ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళకి ఇది పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా. నాన్న స్వార్జితం, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అక్క, నేను సమాన వాటాదారులం. ముగ్గురి సంతకాలూ కావాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. పాత ఆస్తి కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. 2024 జూలైలో రూలు మారింది, ఇండెక్సేషన్ లేకుండా పన్నెండున్నర శాతం. అయితే అంతకుముందు సంపాదించిన ఇళ్ళకి, ఇక్కడ నివాసముండే వ్యక్తులు కావాలంటే పాత పద్ధతిలో ఇరవై శాతం లెక్క కూడా వేసుకోవచ్చు, ఏది తక్కువైతే అది. అమెరికాలో ఉన్న తమ్ముళ్ళకి ఈ సౌకర్యం లేదు, గమనించగలరు.

నాన్న 1988 దస్తావేజులో హద్దుల దగ్గర తూర్పున ఫలానావారి దొడ్డి, ఉత్తరాన ఫలానావారి ఇల్లు అని పక్కవాళ్ళ పేర్లున్నాయి. రేపు పెద్దాయన పిల్లలు ఆ ఇల్లు అమ్మితే, వాళ్ళ కాగితంలో హద్దు దగ్గర ఈ నర్సుగారి పేరుంటుంది. రిజిస్ట్రేషన్ రోజున ఆయన అరుగు మీదకి రాలేదు. నేను వెళ్ళి చెప్పొద్దామనుకుని, గేటుదాకా వెళ్ళి, వెనక్కొచ్చేశాను. అంత ధైర్యం నాకింకా రాలేదు, ఒప్పుకుంటాను.

తాళాలిస్తున్నప్పుడు నర్సుగారు అమ్మనడిగింది ఒక్కటే, ఏ చెట్టు బొండాలు తియ్యగా ఉంటాయండీ అని. నూతి పక్కది అంది అమ్మ. తర్వాత ఎవరూ అడక్కుండానే, మెట్లకి ఒక పక్క రెయిలింగు పెట్టించుకోమ్మా అని కూడా చెప్పింది.

బోర్డు విప్పి కార్లో వేసుకొచ్చాను, ఇప్పుడు నా దగ్గరే ఉంది. దాని మీద మేం రాయించింది రెండే మాటలు. మిగతావి మేం రాయించకుండానే ఊరంతా చదివింది.