జిట్రేగి పలక

చిత్రిక అనండి, రందా అనండి, పనిముట్టు ఒకటే. మా ఇంట అబ్బాజాన్ రందా అనేవారు. ఆయనకు పని నేర్పిన ఆచారిగారు చిత్రిక అనేవారు. కఱ్ఱ ఇద్దరి మాటా వినేది. నా మాట మాత్రం వినలేదు.

1986లో ఆపా వివాహానికి రెహల్ చేయడానికై అబ్బాజాన్ ఒక జిట్రేగి పలకను ఏళ్ల తరబడి దాచి ఉంచారు. ఖురాన్ షరీఫ్‌ను ఉంచి పఠించే ఆ పీఠానికి మేకు లేదు, అతుకు లేదు. ఒకే పలకను మందంలో చీల్చి, నడిమి కీలును ఆ కఱ్ఱలోనే తొలిచి తీస్తారు. కనుక పలక చెడితే రెహల్ లేనట్లే. దానిని నునుపు చేసే పని, ఇంటర్మీడియట్ చదువుతున్న నాకు అప్పగించారు.

జిట్రేగి అందమే దాని కష్టం. నల్లని, ఊదారంగు చారలు అలలుగా సాగిన చోట, నార ఒక పొరలో ఇటు, మరొక పొరలో అటు వాలి ఉంటుంది. తిన్నని టేకుకైతే వాలు చూసి తోస్తే చాలు. దీనిని ఏ దిక్కుకు తోసినా కొంత ఎదురే. ఎదురు నారలో దూరిన ఉలి, నారను కోయకముందే పైకి లేపుతుంది. చీలిక ఉలికంటె ముందుగా పరుగెత్తి లోతుకు దిగుతుంది, పెచ్చు ఊడుతుంది. నా మూడవ తోపుకే పలక నడుమ చింతగింజంత గుంట పడింది.

అబ్బాజాన్ కోపగించలేదు, అదే నన్ను మరింత బాధించింది. "పొట్టు చూపించు బేటా" అన్నారు. దళసరి పొట్టు, గట్టిగా చుట్టుకొని ఉంది. ఆయన రందా విప్పి, ముంజేతి వెంట్రుకలు రాలేంతవరకు ఉలిని సానపై నూరారు. పిదప ఉలిపై బిగించే రేకును అంచుకు వెంట్రుకవాసి దూరానికి జరిపారు. ఆ రేకు తగిలి పొట్టు వెంటనే వంగిపోవడంతో చీలిక ముందుకు పాకలేదు. జపాన్‌లోని యమగత విశ్వవిద్యాలయ ఆచార్యులు కవాయి, కాతోలు ఈ సంగతినే చలనచిత్రంలో చూపారని, ఆ దూరం సుమారు 0.1 మిల్లీమీటరు అని చాలా కాలానికి చదివి ఆశ్చర్యపోయాను. అబ్బాజాన్‌కు కొలబద్ద ఆయన కన్నే.

ఈసారి పొట్టు చుట్టుకోలేదు. పట్టుదారంవలె నిటారుగా లేచింది. జిట్రేగి పదునును త్వరగా తినివేస్తుంది గనుక మళ్లీ మళ్లీ నూరవలసి వచ్చింది. ఉప్పుకాగితంతో రుద్దరాదా అని మీరడగవచ్చు. రుద్దితే ధూళి కఱ్ఱ రంధ్రాలలో నిండి చారలు మసకబారతాయి. పదునైన ఉలి కోసిన కఱ్ఱ దానంతటదే మెరుస్తుంది.

అయితే గుంట పూర్తిగా పోలేదు. కీలుకు కావలసిన మందాన్ని మించి తీయరాదు కదా! పాత రంపపు ముక్కకు అంచు మరల్చి, దానితో గుంట చుట్టూ మెల్లగా గీకి, పల్లాన్ని వెడల్పు చేసి కలిపివేశారు.

ఆపా ఇంట ఆ రెహల్ నేటికీ ఉంది. వెళ్లినప్పుడల్లా నా వేలు ఆ చోటికే పోతుంది. కంటికి ఏమీ కనబడదు.